ఊడకు నేల ఎట్ల తెలుసు?

నా చిన్నప్పుడు నాకు కోపం ఎక్కువ. ఆకలైనా ఓర్చుకునేదాన్ని గానీ, అడిగినదానికి జవాబు రాకపోతే ఓర్చుకోలేకపోయేదాన్ని. "ఈ పాప నోరు కట్టేస్తే గానీ ఇంట్లో పని జరగదు" అని మా అవ్వ విసుక్కునేది. అలాంటి నాకు ఎనిమిదో తరగతిలో ఒక ప్రశ్న ఏడాది పొడుగునా గొంతులో ముల్లులాగా ఇరుక్కుంది. దానికి జవాబు చెప్తానన్న మనిషి చెప్పకుండానే బస్సెక్కి వెళ్లిపోయింది. దూరదేశం నుంచి వచ్చి చదువు చెప్పిపోయిన ఆ టీచరమ్మ గురించి నాతో చదివినవాళ్లు మాట్లాడేటప్పుడు కళ్లు తుడుచుకుంటారు. నాకు మాత్రం ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ పళ్లు బిగుసుకుంటాయి.

మాది పుంగనూరు నుంచి సోమలకు పోయే దారిలో ఒక చిన్న పల్లె. ఇంట్లో అందరూ కూలికి పోయేవాళ్లే. నేను ఒక్కదాన్నే రోజూ పుంగనూరు బడికి నడిచేదాన్ని. ఆ ఏడు బడి తెరిచిన వారానికి నార్వే దేశం నుంచి ఒక టీచరమ్మ వచ్చింది. ఒక్క సంవత్సరం మాకు సైన్సు చెప్పి, ఎండాకాలం సెలవులకు ముందు తిరిగి వెళ్లిపోతుందని ముందే చెప్పారు. నలభై దాటిన మనిషి, పొడుగు, ఎండకు ముక్కు ఎప్పుడూ ఎర్రగా కందిపోయి ఉండేది. ఆవుల్ని పెట్టుకుని పాలు పోసే ఒక పెద్దామె ఇంట్లో గది తీసుకుంది. తెలుగు ఆ పెద్దామె దగ్గరే నేర్చుకుంది. అందుకని ఆమె తెలుగు మా ఇళ్లలో తెలుగే. "ఏం పాపా, యాల లేటు?" అని ఆమె అడిగితే మాకు నవ్వాగేది కాదు. మా హెడ్మాస్టరుకు మాత్రం అది నచ్చేది కాదు. మేడమ్ గారికి ఎవరైనా మంచి తెలుగు నేర్పండయ్యా అని స్టాఫ్ రూములో తలపట్టుకునేవారట. పాఠంలో కష్టమైన సంగతులు వచ్చినప్పుడు మా సైన్సు సారు పక్కన నిలబడి తెలుగులో చెప్పేవారు.

టీచరమ్మ దగ్గర ఒక పొడుగాటి నోటుపుస్తకం ఉండేది. క్లాసులో ప్రతి పిల్లా ఒక ప్రశ్న అడగాలి. పుస్తకంలో ఉన్నది కాదు, తనకు నిజంగా తెలుసుకోవాలనిపించింది. ఆమె దాన్ని ఆ నోటుపుస్తకంలో రాసుకుని, వెతికి, ఒక శనివారం చివరి పీరియడులో జవాబు చెప్పేది. చింతకాయను చూడగానే నోట్లో నీళ్లు ఎందుకు ఊరతాయని ఒక పిల్ల అడిగింది. కుప్పంలో రైలు పట్టాల మధ్య సందు ఎందుకు వదిలారని ఇంకో పిల్ల అడిగింది. అన్నిటికీ జవాబులు వచ్చాయి. నాదొక్కటే మిగిలిపోయింది.

నా ప్రశ్న పుట్టింది ఆమె తప్పులోంచే. ఒకరోజు వేర్ల పాఠం చెబుతూ బోర్డు మీద ముల్లంగి గీసింది, క్యారెట్టు గీసింది, ఆ పక్కనే వేరుశనగ చెట్టు గీసి వేళ్లకు గుత్తులు గుత్తులుగా కాయలు తగిలించింది. వేరుశనగను మేం చెనిక్కాయ అంటాం. ఊహ తెలిసినప్పటి నుంచి చేలో కలుపు తీసిన పిల్లను, కాయలు పెరికిన పిల్లను. పకాలున నవ్వేశాను. అదే సమయానికి వరండాలో పోతున్న హెడ్మాస్టరు కిటికీలోంచి చూశారు. "దేశం కాని దేశం నుంచి వచ్చినామెను చూసి నవ్వుతావా? బయట నిలబడు" అన్నారు. నేను లేచేలోగా టీచరమ్మ అడ్డం వచ్చింది. ఎందుకు నవ్వానో చెప్పమంది.

అది వేరుకు కాయదని చెప్పాను. పువ్వు పైన పూస్తుంది. పువ్వు వాడినాక దాని అడుగు నుంచి సన్నగా ఒక కాడ సాగుతుంది. అదే ఊడ. ఊడ వంగి కిందికి దిగి మట్టిలో దూరుతుంది. దాని కొన లావై కాయ అవుతుంది. క్లాసులో సగం మందికి ఇది తెలిసిన సంగతే. ఆమెకు తెలీదు. వాళ్ల దేశం చలికి ఆ చెట్టే పెరగదట. వేయించిన గింజలు పొట్లాంలో చూడటమే గానీ చెట్టు చూడలేదట. ఆమె బోర్డు మీది బొమ్మను తుడిచేసి, "రేపు నాకు సూపిస్తావా?" అంది.

మర్నాడు ఆదివారం. నిజంగానే వచ్చింది. మా అవ్వా, నేనూ, ఇంకో నలుగురూ కలుపు తీస్తున్న చేలోకి చెప్పులు విప్పి దిగింది. ఎర్రమట్టిలో మోకాళ్ల మీద కూర్చుని, ఆకుల కింద ముఖం పెట్టి, ఒక్కొక్క పువ్వుకూ రంగు దారం ముక్క కట్టడం మొదలుపెట్టింది. ఏ పువ్వు ఏ రోజు ఏమవుతుందో చూడాలట.

"ఈయమ్మకు ఏమన్నా పోయిందా? యాల నేలంతా దేవులాడతాండాది?" అంది మా అవ్వ.

"పువ్వులకు తాళి కడతాండాదిలే అవ్వా" అని ఇంకొకామె అంటే చేనంతా నవ్వింది. టీచరమ్మకు అర్థమైందో లేదో, ఆమె కూడా నవ్వింది.

అప్పుడే నాకు ఆ ప్రశ్న తట్టింది. అన్నాళ్లూ చూస్తూ ఉన్నదే, ఎప్పుడూ అడగాలనిపించలేదు. ఆమె అంత దగ్గరగా కళ్లు పెట్టి చూస్తుంటే అడగాలనిపించింది. "టీచరమ్మా, నిన్నటిదాకా పువ్వు ఆకాశం తిక్కు సూస్తాండె. ఈ పొద్దు ఊడ కిందికి తిరిగె. నేల కిందుండాదని దానికి ఎట్ల తెలుసు? కండ్లు లేవు గదా?"

ఆమె చేతిలో దారం పక్కన పెట్టి, మట్టి చేతులతోనే నోటుపుస్తకం తీసి రాసుకుంది. "నేను పోయే లోపల చెప్తాను" అంది. ఆ మాట పట్టుకునే నేను ఏడాది గడిపాను.

ప్రతి శనివారం నేను మొదటి బెంచీలో కూర్చునేదాన్ని. ఆమె నా వైపు చూసి తల అడ్డంగా ఊపేది. ఊరికే కూర్చోలేదు, ఏవేవో చేయించింది. ఒక పాత డబ్బాలో మట్టి పోసి చెట్టు పెంచి, ఊడ వచ్చే సమయానికి డబ్బాను అడ్డంగా పడుకోబెట్టించింది. ఊడ మళ్లీ వంకర తిరిగి నేల వైపే పోయింది. ఇంకో ఊడ కింద రేకు పెట్టించింది. నేల తగలక ఆ ఊడ ఎండిపోయింది. ఇదంతా చూసి నాకు ఇంకా ఒళ్లు మండేది. ఊడ కిందికే పోతుందని నాకు ముందే తెలుసు కదా. నేనడిగింది అది కాదు కదా.

ఇంతలో బడిలో నాకు ఊడలమ్మ అని పేరు పడింది. నడిచి పోతుంటే వెనక నుంచి, "ఊడలమ్మా, నేల కిందుండాది, సూసి నడువు" అని అరిచేవాళ్లు. హెడ్మాస్టరు ఒకరోజు అసెంబ్లీలో, కొందరు పిల్లలు పరీక్షలో రాని ప్రశ్నలు అడిగి మేడమ్ గారి కాలం వృథా చేస్తున్నారని నన్ను చూస్తూ అన్నారు. కూలి చేసుకునేవాళ్ల పిల్ల అడిగిన ప్రశ్న కూలి ప్రశ్నలాగే ఉంటుందని ఎవరూ నోరు తెరిచి అనలేదు గానీ, ఆ చూపుకు అర్థం అదే. అందుకే నాకు జవాబు కావలసి వచ్చింది. ఆమె శనివారం నాడు బోర్డు మీద నా ప్రశ్న రాసి, దాని కింద జవాబు రాస్తే, ఆ రోజుతో ఊడలమ్మ అనే నోళ్లన్నీ మూతపడతాయి. వేరే దేనివల్లా మూతపడవు.

చివరి శనివారం రానే వచ్చింది. ఆ మధ్యాహ్నమే ఆమె బస్సులో కుప్పం పోయి, అక్కడ రైలెక్కాలి. పొద్దున మొదటి రెండు పీరియడ్లు మాతోనే గడుపుతానని, మిగిలిన సంగతులన్నీ చెప్పి పోతానని ముందు రోజు చెప్పింది. మిగిలినవి అంటే నాదే. నేను ఆ రాత్రి సరిగ్గా నిద్రపోలేదు. తెల్లారి ఉతికిన పావడా కట్టుకుని అందరికన్నా ముందు బడికి పోయేసరికి మైదానంలో షామియానా వేస్తున్నారు.

మా ప్రాంతంలో ఎవరినైనా గౌరవించాలంటే సన్మానం చేస్తారు. పూలదండ వేస్తారు, శాలువా కప్పుతారు, పటం కట్టించిన సన్మాన పత్రం చదివి చేతికిస్తారు. మంచి ఆచారమే. కానీ ఆ రోజు క్లాసులు రద్దు చేసి, మమ్మల్నందరినీ వరుసల్లో కూర్చోబెట్టారు. షామియానా నీడ పెద్దవాళ్ల కుర్చీలకే సరిపోయింది, మేం ఎండలో. ముఖ్య అతిథి మదనపల్లె నుంచి రావాలి. ఆయన వచ్చేసరికి పన్నెండు దాటింది. ఆ తర్వాత ఒక్కొక్కరే లేచి మాట్లాడారు. బట్టల అంగళ్లవాళ్లు ఒక శాలువా, మండీవాళ్లు ఒక శాలువా, పాత విద్యార్థులు ఒక శాలువా. చైత్రమాసపు ఎండలో ఏడు శాలువాలు ఒకదాని మీద ఒకటి కప్పుకుని, మెడ నిండా దండలతో, టీచరమ్మ ముఖం ఉడికిపోయి ఉంది. మధ్యమధ్య మా వైపు చూసేది. నేను ఆమె చేతి గడియారం వైపు చూసేదాన్ని.

చివరకు తెలుగు పండితులు లేచి సన్మాన పత్రం అందుకున్నారు. అంతా గ్రాంథికం. టీచరమ్మకు ఒక్క ముక్క అర్థం కాలేదు, మాకూ కాలేదు. అయినా ఒకచోట నాకు అర్థమైంది. "బాలికల యెల్ల సందేహములకును సమాధానమొసంగిన సర్వజ్ఞురాలా" అని ఆయన గొంతు పెంచారు. చప్పట్లు కొట్టమని డ్రిల్లు సారు సైగ చేశారు.

నేను లేచి నిలబడ్డాను. "నా దానికి ఇయ్యలా!" అని అరిచాను.

చప్పట్లు ఆగిపోయాయి. ఎవరో కిసుక్కున నవ్వారు. "ఊడలమ్మ లేసిందిరో" అని వెనక నుంచి వినబడింది. డ్రిల్లు సారు వచ్చి నా చెవి పట్టుకునేలోగా టీచరమ్మ కుర్చీలోంచి లేచింది. శాలువాలు జారిపోతుంటే ఒక చేత్తో పట్టుకుని మైకు దగ్గరికి వచ్చింది. "ఆ పాప చెప్పేది నిజము. నేను ఆ పాపకు చెప్పాల్సింది ఒకటి ఉండాది" అంది. హెడ్మాస్టరు గడియారం చూసుకున్నారు. బస్సుకు టైమైపోయిందని ముఖ్య అతిథి చెవిలో చెప్పి, డ్రిల్లు సారుకు చెయ్యి ఊపారు. జనగణమన మొదలైంది. జనగణమన మొదలైతే ఎవరూ కదలకూడదు, నోరు మెదపకూడదు. ఆమె కూడా మైకు ముందు చేతులు కిందికి వదిలి, చెప్పవలసిన మాట నోట్లోనే పెట్టుకుని నిలబడింది. అది కాగానే గ్రూపు ఫోటో. ఫోటో కాగానే పెద్దవాళ్లంతా చుట్టుముట్టి ఆమెను బస్టాండుకు తీసుకుపోయారు. ఏడాదంతా ఆమె దగ్గర చదివిన మాకు ఆమెతో ఒక్క మాట మాట్లాడే వీలు లేకపోయింది. ఆమెను పంపడానికి అంత ఏర్పాటు చేసినవాళ్లకు, ఆమె ఎవరి దగ్గర సెలవు తీసుకోవాలో మాత్రం తట్టలేదు.

నేను పరుగెత్తాను. బస్టాండులో కుప్పం బస్సు బయలుదేరడానికి సిద్ధంగా ఉంది. పెద్దవాళ్లు కిటికీ దగ్గర నిలబడి ఇంకా దండాలు పెడుతున్నారు. నేను వెనక వాకిట్లోంచి ఎక్కి, మనుషుల మధ్య దూరి, ఆమె సీటు పక్కన కూలబడ్డాను. ఆమె నన్ను గుర్తుపట్టేలోగా బస్సు కదిలింది. కండక్టరు వచ్చి, "ఏం పాపా, నువ్వు కూడా ఫారిన్ పోతాండావా?" అన్నాడు. బస్సులో అందరూ నవ్వారు. టీచరమ్మ నాకు పలమనేరు దాకా టికెట్టు తీసుకుని, అక్కడ తిరుగు బస్సులో నన్ను ఎక్కించమని కండక్టరుకు చెప్పింది.

ఆమె ఒళ్లో సన్మాన పత్రం పటం ఉంది. దాన్ని నా వైపు తిప్పింది. "ఇందులో ఏమి రాసినారు పాపా?"

"మీకు అన్నీ తెలుసని రాసినారు."

"అన్నీనా?"

"అన్నీ."

ఆమె ఆ పటాన్ని బోర్లించి, దాని మీద శాలువా వేసింది. "అట్లయితే ఇది నాది కాదు. ఎవురిదో నాకు ఇచ్చేసినారు" అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. "నీ ఊడ సంగతి నాకు తెలీదు పాపా."

నేను నమ్మలేదు. మా బడిలో ఏ సారూ ఎప్పుడూ ఆ మాట అనగా వినలేదు. తెలియకపోతే కూర్చోమనేవాళ్లు, లేకపోతే పై తరగతిలో వస్తుందనేవాళ్లు. చెవులు పిండేవాళ్లు గానీ తెలీదనేవాళ్లు కారు. "పోయే లోపల చెప్తానంటిరి గదా?" అన్నాను.

"అంటిని. అదే చెప్తాండాను. తెలీదు."

ఆమె నోటుపుస్తకం తెరిచింది. నా ప్రశ్న కింద రెండు పేజీల నిండా ఏవేవో రాసి ఉన్నాయి. ఒక్కొక్కటే వేలు పెట్టి నాకు తెలుగులో చెప్పింది. మొదటిది మా అవ్వ. నేను చూడకుండా ఎప్పుడో అడిగిందట. అరవై పంటలు చూసిన మనిషి, తెలీదనింది అని రాసుకుంది. రెండు, మా సైన్సు సారు, పుస్తకంలో లేదన్నారు. మూడు, మదనపల్లె లైబ్రరీలో నాలుగు పుస్తకాలు, ఊడ దిగుతుందని ఉంది గానీ ఎట్ల తెలుస్తుందో లేదు. నాలుగు, వ్యవసాయం ఆఫీసరు, నవ్వాడు. అయిదు, వాళ్ల దేశంలో ఆమెకు చదువు చెప్పిన ముసలి మాస్టరు, ఈ చెట్టును నేను ఎప్పుడూ చూడలేదు, తెలీదు అని జాబు రాశాడు. ఆరు, చెట్ల గురించి పెద్ద పేరున్న ప్రొఫెసరు. "ఈయన నాలుగు పేజీలు రాసినాడు. సదివి సదివి సూస్తే ఆయనకీ తెలీదు" అంది.

"వేరు సంగతి అడిగుంటే కొంచెం చెప్పగలిగేదాన్ని" అని మళ్లీ ఆమే అంది. "ఊడ వేరు కాదని నాకు చెప్పిందానివి నువ్వే గదా. నువ్వేమి అనుకుంటాండావు?"

ఆ మాట నా కోపాన్ని ఇంకా రేపింది. జవాబు కోసం బస్సెక్కి వస్తే తిరిగి నన్నే అడుగుతుందేమిటి? ముఖం గంటు పెట్టుకుని, నోటికి వచ్చింది చెప్పాను. "దాని లోపల ఏదో బరువు ఉండాది. అది కిందికి జారతాది. అంతే."

ఆమె పెన్సిలు తీసి ఏడో నంబరు వేసి, అది రాసుకుంది. పక్కన మా అవ్వ పేరు రాసినట్టే నా పేరు రాసింది.

"మీరే రాసుకుంటా కూసుంటే ఎట్ల? తెలిసినోళ్లు చెప్పాల గదా" అని నేను ఏడ్చేశాను. ముందు సీట్లో పెద్దాయన వెనక్కి తిరిగి, "ఊడ ఎట్ల దిగితే నీకేం పాపా, కాయ కాసిందా లేదా అదే గదా కావాల్సింది" అన్నాడు. టీచరమ్మ నోటుపుస్తకం మూసింది. పలమనేరు దాకా నేను కిటికీలోంచి బయటికే చూశాను.

పలమనేరులో కండక్టరు నన్ను దించి, పుంగనూరు పోయే బస్సు దగ్గరికి తీసుకుపోయి, ఆ కండక్టరుకు అప్పజెప్పాడు. నేను దిగేటప్పుడు టీచరమ్మ కూడా కుప్పం బస్సు వాకిలి దాకా వచ్చింది. "పోయొస్తాను పాపా" అంది. నేను వెళ్లి నా బస్సులో కూర్చుని తల తిప్పుకున్నాను. కుప్పం బస్సు బయలుదేరిన చప్పుడు వినబడింది. "ఆయమ్మ ఇంకా చెయ్యి ఊపతానే ఉండాది పాపా, సూడు" అన్నాడు ఈ కండక్టరు. నేను చూడలేదు.

సోమవారం నాడు హెడ్మాస్టరు నన్ను క్లాసు ముందు నిలబెట్టారు. సభలో అరిచినందుకు, చెప్పకుండా బస్సెక్కినందుకు రెండు బెత్తం దెబ్బలు పడ్డాయి. తర్వాత, "ఇంత చేశావు కదా, మేడమ్ గారు జవాబు చెప్పారా?" అని అడిగారు. క్లాసంతా నా నోటి వైపే చూస్తోంది. చెప్పిందని అబద్ధమాడి, ఏదో ఒకటి కల్పించి చెప్తే ఆ రోజుతో నా పేరు మారిపోయేది. ఎవరికీ తెలిసేది కాదు, ఆమె అప్పటికే వెళ్లిపోయింది. నోటి దాకా వచ్చింది. కానీ నోటుపుస్తకంలో మొదటి గీత మీద ఉన్న మా అవ్వ గుర్తొచ్చింది. పెద్ద ప్రొఫెసరుకూ, మా అవ్వకూ తెలీదని ఒకే మాట రాసి ఉంది. నేను ఇప్పుడు అబద్ధమాడితే ఆ ఇద్దరినీ అక్కడి నుంచి కొట్టేసినట్టే.

"తెలీదంట" అన్నాను.

క్లాసు గొల్లుమంది. "సంవత్సరం ఉండి తెలీదంట" అని హెడ్మాస్టరు కూడా నవ్వారు. ఊడలమ్మ పేరు పోలేదు, పదో తరగతి దాకా నాతోనే వచ్చింది. ఒక్క సైన్సు సారు మాత్రం నవ్వలేదు. ఆ తర్వాత ఒకరోజు పాఠం మధ్యలో ఒక పిల్ల ఏదో అడిగితే ఆయన "నాకు తెలీదమ్మా, కనుక్కొస్తాను" అన్నారు. కనుక్కుని వచ్చి చెప్పారు కూడా. ఆ ఒక్కసారే. మళ్లీ ఎప్పుడూ అనలేదు.

పదో తరగతితో నా చదువు ఆగిపోయింది. పెళ్లయి కుప్పం వెళ్లాను. అక్కడ శాఖా గ్రంథాలయంలో సభ్యత్వం కావాలంటే ఇంటి పన్ను కట్టే మనిషి ఎవరైనా హామీ సంతకం పెట్టాలన్నారు. మాకు సొంతిల్లు లేదు. సంతకం పెట్టే మనిషి దొరికేదాకా రెండేళ్లు అక్కడే బల్ల దగ్గర కూర్చుని చదివి, లేచి వచ్చేదాన్ని. నేను కాలేజీ గుమ్మం తొక్కలేదు గానీ, ఆ గ్రంథాలయంలో సైన్సు బీరువా మొత్తం చదివాను. అర్థం కానిది మళ్లీ చదివాను. ఆ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

పిల్లల పెళ్లిళ్లయి మదనపల్లెకు వచ్చాక, లైబ్రరీలో ఒక లావుపాటి పుస్తకంలో అది దొరికింది. ఊడ కొనలో కంటికి ఆనని గదులు ఉంటాయట. వాటిలో పిండి రేణువులు ఉంటాయట. ఊడ ఎటు తిరిగినా ఆ రేణువులు బరువుకు జారి కింది వైపు చేరతాయట. అవి చేరిన వైపే కింద అని ఊడకు తెలుస్తుందట. ఆ పేజీ మళ్లీ చదివాను. ఏడో నంబరు దగ్గర నేను కోపంతో అన్న మాట పూర్తిగా తప్పు కాదు. అవే రేణువులు కాండంలోనూ ఉన్నాయట, మరి కాండం పైకి ఎందుకు పోతుందో ఆ పుస్తకం సరిగ్గా చెప్పలేదు. అది వేరే తగవు.

ఆ రోజే ఆమెకు ఉత్తరం రాయాలనుకున్నాను. అడ్రసు లేదు. పుంగనూరు పోయి బడిలో అడిగాను. పాత బీరువాలో సన్మాన పత్రం నకలు దొరికింది. నలభై వాక్యాల పొగడ్త ఉంది. ఆమె ఏ ఊరి మనిషో ఒక్క చోటా లేదు. పాలు పోసే పెద్దామె పోయి చాలా ఏళ్లయిందట. సైన్సు సారూ లేరు. సర్వజ్ఞురాలని రాసిపెట్టినవాళ్లు వీధి పేరు రాసిపెట్టి ఉంటే ఏం పోయేది? అక్కడే నిలబడి కోపంతో ఆ కాగితాన్ని చించబోయి ఆగాను. అడ్రసు అడగనిది వాళ్లొక్కరే కాదు. పలమనేరు దాకా పక్కపక్కనే కూర్చుని వచ్చాను. అడిగి ఉంటే చెప్పేది.

ఇప్పుడు నేను రోజూ సాయంత్రం మదనపల్లె లైబ్రరీలో కూర్చుంటాను. టెన్త్, ఇంటర్ చదివే పిల్లలు ఏవేవో అడుగుతారు. తెలిస్తే చెప్తాను. తెలియనిదానికి తెలీదంటాను, ఎక్కడెక్కడ వెతికానో చెప్తాను, నువ్వేమనుకుంటాండావని అడుగుతాను. కొందరు కూర్చుని నాతో వెతుకుతారు. కొందరికి ముఖం మాడిపోతుంది. ఈ ముసలామెకు ఏమీ తెలీదని విసుక్కుని, చెప్పకుండా లేచి వెళ్లిపోతారు. వాళ్లను ఏమీ అనను. మోకాళ్ల నొప్పి ఉన్నా లేచి వాకిలి దాకా వెళ్తాను. వాళ్లు రోడ్డు దాటి మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతూ నిలబడతాను. చాలామంది వెనక్కి తిరిగి చూడరు.